బల్లపరుపు భూమి వాదనకు కర్ర, నీడ, చంద్రుడు: ఎవరికి వారే చేసి చూపించే పద్ధతి

"మా వాడు ఉన్నట్టుండి భూమి బల్లపరుపుగా ఉందంటున్నాడు, వాడికి ఎలా చెప్పాలి?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా అంతా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

మొదట ఒక మాట. అంతరిక్షం నుంచి తీసిన ఫోటోలు పంపకండి. అవతలి మనిషి ఆ ఫోటోలనే నమ్మడు, గొడవ మొదలైందే అక్కడ. విమానం కిటికీలోంచి వంపు కనిపించిందని కూడా అనకండి. మామూలు ప్రయాణికుల విమానం ఎగిరే ఎత్తులో ఆ వంపు చాలా స్వల్పం, పైగా కెమెరా లెన్సే గీతను వంచేస్తుంది. ఆ సంగతి వాళ్ళకు మీకన్నా బాగా తెలుసు. మీ వాదనలో ఒక్క బలహీనమైన ముక్క దొరికినా మిగతా సాయంత్రమంతా దాని మీదే నడుస్తుంది.

పనికొచ్చేది అవతలి మనిషి తన కళ్ళతో చూసి, తన చేత్తో కొలిచిందే. దానికి సూర్యుడు, చంద్రుడు చాలు.

కావలసినవి

- నిటారుగా ఉండే పుల్ల ఒకటి 20 సెం.మీ., ఇంకొకటి 50 సెం.మీ.
- టేపు, సుద్దముక్క, దారం
- చిన్న అద్దం, దాన్ని కప్పేంత నల్ల కాగితం
- టేబుల్ టెన్నిస్ బంతి
- పడమర దిక్కు అడ్డం లేకుండా కనిపించే డాబా లేదా మైదానం
- దూరదేశంలో ఉన్న ఒకరిద్దరు స్నేహితులు (ఉంటే మంచిది, లేకపోయినా సగం పని అవుతుంది)
- ఒక తెల్లకాగితం. అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఎందుకో మొదటి మెట్టులో చెబుతాను.

జాగ్రత్త: సూర్యుణ్ని నేరుగా చూడొద్దు. అస్తమించబోయే సూర్యుణ్ని కూడా తదేకంగా చూడకండి. ఎక్స్‌రే ఫిల్ము, సీడీ, మసి పట్టించిన గాజు, మామూలు చలువ కళ్ళజోడు ఏవీ రక్షణ కావు. తప్పనిసరిగా చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్ళద్దాలు గానీ, 14వ నంబరు వెల్డింగ్ గాజు గానీ వాడండి. ఆ కళ్ళద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూడటం ఇంకా ప్రమాదం. కింద చెప్పిన కొలతల్లో వేటికీ సూర్యుడి వైపు చూడాల్సిన పని లేదు.

1. ముందు వాళ్ళ లెక్క కాగితం మీద రాయించండి

దీన్ని దాటేసి నేరుగా ప్రయోగంలోకి దిగితే మొత్తం వృథా. ఫలితం వచ్చాక "మా సూర్యుడు అలా ఉండడులే" అని లెక్క మార్చేస్తారు. అందుకే ముందే అడగండి: సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడు? భూమి పటం ఎలా ఉంటుంది? ఏం కనిపిస్తే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?

సాధారణంగా వచ్చే జవాబు ఇది: ఉత్తర ధ్రువం మధ్యలో, చుట్టూ మంచుగోడ, పళ్ళెం లాంటి భూమి. మధ్య నుంచి అంచుకు సుమారు 20,000 కి.మీ., అంటే మొత్తం వెడల్పు 40,000 కి.మీ. సూర్యచంద్రులు రెండూ సుమారు 5,000 కి.మీ. ఎత్తున గుండ్రంగా తిరుగుతుంటాయి. సూర్యుడు దూరంగా వెళ్ళిపోవడమే అస్తమయం.

ఈ అంకెలు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మీరూ మీ వైపు రాయండి: సూర్యుడు సుమారు 15 కోట్ల కి.మీ., చంద్రుడు సగటున 3,84,400 కి.మీ., భూమి గోళం. మీరేం చూస్తే తప్పొప్పుకుంటారో అదీ రాయాలి. అది రాయకపోతే మీరు వాదిస్తున్నట్టు కాదు, పాఠం చెబుతున్నట్టు ఉంటుంది.

2. సాయంత్రం నీడ

ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

పుల్ల ఎత్తుకు నీడ ఎన్ని రెట్లుందో, సూర్యుడి ఎత్తుకు దాని అడ్డదూరం (మన నుంచి సరిగ్గా సూర్యుడి కింద ఉన్న చోటుకు నేల మీది దూరం) అన్ని రెట్లు. వాళ్ళ లెక్కలో సూర్యుడి ఎత్తు 5,000 కి.మీ. కాబట్టి నీడ రెట్టింపు ఉంటే సూర్యుడు 10,000 కి.మీ. అవతల ఉన్నట్టు. నీడ ఆరు రెట్లుంటే 30,000. నీడ పది రెట్లుంటే 50,000 కి.మీ. అవతల ఉండాలి. మరి వాళ్ళ భూమి మొత్తం వెడల్పే 40,000.

చేసే విధానం:

ఎక్కువ వాలు లేని గచ్చు చూసుకోండి. గోళీ పెడితే దొర్లిపోకుండా ఉంటే చాలు. 20 సెం.మీ. పుల్లను నిటారుగా నిలబెట్టండి. సూర్యాస్తమయానికి గంట ముందు నుంచి పది నిమిషాలకోసారి నీడ కొన దగ్గర సుద్దతో గీత గీసి, పక్కన టైము రాయండి. నీడ 120 సెం.మీ. దాటిందంటే ఆరు రెట్లు. రెండు మీటర్లు దాటితే పది రెట్లు, అప్పటికి సూర్యుడు క్షితిజానికి ఆరు డిగ్రీల కన్నా తక్కువ ఎత్తులో ఉంటాడు. అడ్డం లేని చోటైతే అస్తమయానికి 20 నిమిషాల ముందు రెండు మీటర్లు ఎక్కడైనా దాటుతుంది.

టేపు అవతలి మనిషి చేతికే ఇవ్వండి. మీరు కొలిస్తే మీ కొలత, తను కొలిస్తే తన కొలత.

ఎక్కువగా జరిగే పొరపాటు నీడ కొన దగ్గర. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. అందుకని నీడ పొడవయ్యేకొద్దీ కొన మసకబారుతుంది. ముదురు నీడ ఆగిన చోటుకీ, లేతనీడ ఆగిన చోటుకీ మధ్యలో గుర్తు పెట్టండి. రెండు మీటర్ల నీడలో పది సెం.మీ. అటూ ఇటూ వచ్చినా ఫర్వాలేదు, ఇక్కడ తేల్చాల్సిన తేడా అంతకన్నా చాలా పెద్దది. ఇక పుల్ల ఒరిగిందేమో చూసుకోండి. నేను మొదటిసారి చేసినప్పుడు పుల్లను మైనం ముద్దలో గుచ్చాను. ఎండకి మైనం మెత్తబడి పుల్ల మెల్లగా పడమటికి వంగింది. ఎదుటివాడు ఏమీ అనలేదు గానీ ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే.

"అదంతా పర్‌స్పెక్టివ్, దూరమైతే కిందికి దిగినట్టు కనిపిస్తుంది" అంటారు. కంటికి ఎలా కనిపిస్తుందనేది మనం కొలవడం లేదు. గచ్చు మీద పడిన నీడను కొలుస్తున్నాం. నీడకు కళ్ళుండవు.

3. సూర్యుడి బిళ్ళ సైజు

నీడ దగ్గర ఇరుక్కున్నాక వచ్చే మొదటి జవాబు, "అయితే సూర్యుడు ఇంకా కిందే ఉన్నాడేమో, 2,000 కి.మీ. అనుకో." అనుకుందాం. ఎత్తు ఎంత తగ్గిస్తే మధ్యాహ్నానికీ సాయంత్రానికీ దూరంలో తేడా అంత పెరుగుతుంది. దూరం పెరిగితే బిళ్ళ చిన్నదవ్వాలి. 5,000 కి.మీ. ఎత్తు లెక్క తీసుకున్నా, మధ్యాహ్నం నడినెత్తిన ఉన్న సూర్యుడు సాయంత్రం నాలుగున్నరకి సగం కన్నా చిన్నగా కనిపించాలి.

నల్ల కాగితానికి అర సెం.మీ. కంత చేసి అద్దం మీద అంటించండి. ఎండను 10 మీటర్ల దూరంలో నీడగా ఉన్న గోడ మీదికి కొట్టించండి. అక్కడ పడేది సూర్యుడి బొమ్మే. దాని వెడల్పు సుమారు 9 సెం.మీ. ఉంటుంది, ఎందుకంటే సూర్యుడి దూరం దాని వెడల్పుకు సుమారు 107 రెట్లు. మధ్యాహ్నం ఒకసారి, అస్తమయానికి గంటన్నర ముందు ఒకసారి అదే కంతతో, అదే దూరం నుంచి కొలవండి. ఆ వెలుగు ఎవరి కళ్ళలోనూ పడకుండా చూసుకోండి, ముఖ్యంగా పిల్లల కళ్ళలో.

గోడకు వెలుగు ఏటవాలుగా తగిలితే బొమ్మ కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడు పొడుగు వదిలేసి సన్నటి వైపే కొలవాలి. లేదంటే తెల్ల అట్టముక్కను వెలుగుకు ఎదురుగా తిప్పి పట్టుకోండి.

అద్దం కుదరకపోతే అట్టకు 2 మిల్లీమీటర్ల కంత చేసి రెండు మీటర్ల దూరంలో కాగితం పెట్టండి, 2 సెం.మీ. బొమ్మ వస్తుంది. చిన్నదైనా, బొమ్మ సగమైతే తెలియకుండా పోదు.

రెండు కొలతలూ ఒకటే వస్తాయి. సూర్యుణ్ని పైకి జరిపితే నీడతో చిక్కు, కిందికి దింపితే బిళ్ళతో చిక్కు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కాసేపు మౌనంగా ఉండండి. మాట్లాడాలనిపిస్తుంది, ఆగండి.

(అస్తమించే క్షణంలో ఫోటో తీసి కొలిచేవాళ్ళకు ఒక హెచ్చరిక: అప్పుడు గాలి పొరల వల్ల బిళ్ళ కింద నుంచి పైకి నొక్కినట్టు అవుతుంది. నిలువు కొలత పట్టుకుని "చూశావా, చిన్నదైంది" అంటారు. అడ్డం కొలత తీసుకోమనండి.)

4. సమరాత్రింబవళ్ళ రోజు గీత

మార్చి 20-21, సెప్టెంబరు 22-23 తేదీల్లో చేయాలి. రెండు రోజులు అటూ ఇటూ అయినా నడుస్తుంది. 50 సెం.మీ. పుల్ల నిలబెట్టి, నడిమధ్యాహ్నానికి మూడు గంటల ముందు నుంచి మూడు గంటల తర్వాత దాకా అరగంటకోసారి నీడ కొనకు చుక్క పెట్టండి. మొదటి చుక్క నుంచి చివరి చుక్కకు దారం లాగి కట్టండి. చుక్కలన్నీ దారం మీదే ఉంటాయి.

పళ్ళెం లెక్కలో ఇది కుదరదు. సూర్యుడు పైన గుండ్రంగా తిరుగుతుంటే నీడ కొన కూడా ఆ గుండ్రాన్నే చిన్నగా గీయాలి. ఈ పుల్లకైతే గీత మధ్యలో సుమారు 30 సెం.మీ. వంపు రావాలి. ఇక్కడ వాద ప్రతివాదాలకు పెద్దగా చోటుండదు, దారం దగ్గర కూర్చుని చూడటమే.

దిక్సూచి వాడకండి. "ఆ రోజు సూర్యుడు సరిగ్గా తూర్పునే ఉదయిస్తాడు" అన్నది నిజమే, వాళ్ళ లెక్కలో అది ఈశాన్యం వైపు జరగాలన్నదీ నిజమే. కానీ దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం, పక్కన ఇనుప బల్ల ఉంటే అదీ చూపదు. దారం చాలు.

5. ఎరటోస్తనీస్ ప్రయోగం: రెండు కర్రలు చాలవు

మన వైపు వాళ్ళు చేసే అతి పెద్ద పొరపాటు ఇదే. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు రెండు ఊళ్ళ మధ్య నీడల తేడాతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. అందరూ దీన్నే ఉదాహరణ చెబుతారు. కానీ ఆయన భూమి గోళమని ముందే అనుకుని చుట్టుకొలత కట్టాడు. అవే రెండు నీడలను బల్లపరుపు భూమి, దగ్గరి సూర్యుడు అనుకునీ వివరించొచ్చు. ఆ ముక్క వాళ్ళు అనగానే మన వాళ్ళు తెల్లమొహం వేస్తారు.

మూడో కర్ర కావాలి. సమరాత్రింబవళ్ళ రోజున వేర్వేరు అక్షాంశాల్లో ముగ్గురు తమ తమ నడిమధ్యాహ్నం, అంటే నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. భూమధ్యరేఖ నుంచి దూరం ఒక్కో డిగ్రీ అక్షాంశానికి 111 కి.మీ. చొప్పున వేసుకోండి, ఉత్తర దక్షిణ దూరాలకు వాళ్ళ పటంలోనూ ఇదే లెక్క. ఆ దూరాన్ని పుల్ల ఎత్తుతో గుణించి నీడతో భాగిస్తే, బల్లపరుపు లెక్కలో సూర్యుడి ఎత్తు వస్తుంది.

15 డిగ్రీల దగ్గర వచ్చేది సుమారు 6,200 కి.మీ. 45 డిగ్రీల దగ్గర 5,000. 60 డిగ్రీల దగ్గర 3,850. ఒకే సూర్యుడికి మూడు ఎత్తులు. వాళ్ళు పట్టుకున్న 5,000 ఇలా 45 డిగ్రీల దగ్గర లెక్క కడితే వచ్చే అంకెతో సరిపోతుంది.

6. చంద్రుడు

ఇక్కడ మూడు పనులున్నాయి, వరసగా చేయండి.

ముందు పౌర్ణమి. చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడు చూడమనండి, లేదా అలా కనిపించే చోట ఉన్న స్నేహితుణ్ని ఫోటో అడగండి. వాళ్ళ లెక్కలో అప్పుడు సూర్యుడు పళ్ళెం అవతలి పక్కన, చంద్రుడంత ఎత్తులోనే ఉండాలి. అంటే వెలుగు చంద్రుడికి పక్కనుంచి తగలాలి, కింద ఉన్నవాళ్ళకు సగం చంద్రుడే కనిపించాలి. కనిపించేది నిండు చంద్రుడు.

"చంద్రుడిది సొంత వెలుగు" అంటారు. అప్పుడు బంతి తీయండి. శుక్ల అష్టమి మధ్యాహ్నం గానీ బహుళ అష్టమి ఉదయం గానీ, సూర్యచంద్రులు ఇద్దరూ ఆకాశంలో ఉన్న వేళ ఎండలో నిలబడి, బంతిని చంద్రుడి పక్కన కనిపించేలా చేయి చాపి పట్టుకోండి. బంతి మీద ఎండ ఎంత మేర, ఏ వైపు పడిందో, చంద్రుడి మీద కూడా అంతే మేర, అదే వైపు పడి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు రెండు నిమిషాలు అలా పట్టుకునే ఉండిపోతారు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి: చంద్రుడు బంతిలాంటివాడని, సూర్యుడి వెలుగే వాడిదని మాత్రమే దీంతో తేలుతుంది. భూమి ఆకారం గురించి ఇది ఏమీ చెప్పదు. చెబుతుందని మీరు అంటే దొరికిపోతారు.

మూడోది దూరదేశపు స్నేహితుడితో. ఒకే రాత్రి, వీలైతే ఒకే గంటలో ఇద్దరూ చంద్రుణ్ని ఫోటో తీయండి. ఉత్తర దక్షిణాలుగా 5,000 కి.మీ. దూరముంటే మంచిది. చంద్రుడు 5,000 కి.మీ. ఎత్తులోనే ఉంటే, ఒకరి నెత్తిన ఉన్న చంద్రుణ్ని రెండోవాళ్ళు 45 డిగ్రీల పక్కనుంచి చూస్తున్నట్టు. మచ్చలు ఒక అంచు వైపు జరిగిపోవాలి, కొన్ని అసలు కనిపించకూడదు. ఒక అంచు దగ్గర విడిగా ఉండే గుండ్రటి మచ్చ, మేర్ క్రిసియం, దీనికి బాగా పనికొస్తుంది. రెండు ఫోటోల్లోనూ అది అంచుకు అంతే దూరంలో ఉంటుంది. బొమ్మ మొత్తం తిరిగి ఉంటుందంతే. దక్షిణార్ధగోళం బాగా కిందికి వెళ్తే దాదాపు తలకిందులు.

వేర్వేరు రాత్రుల ఫోటోలు కలపకండి. నెల పొడుగునా చంద్రుడు కొద్దిగా ఊగుతున్నట్టు కనిపిస్తాడు, అందుకే మొత్తం మీద 59 శాతం చూడగలుగుతున్నాం. సైజు కూడా దగ్గర దూరాలను బట్టి నెలలో 14 శాతం దాకా మారుతుంది. ఫోన్ కెమెరాతోనూ జాగ్రత్త, కొన్ని ఫోన్లు చంద్రుణ్ని గుర్తుపట్టి సొంతంగా మెరుగులు దిద్దేస్తాయి. ఆటో మోడ్ ఆపేసి, వెలుగు బాగా తగ్గించి తీయండి.

ఉదయించే చంద్రుడు పెద్దగా కనిపించడం కంటి భ్రమ. చేయి చాపి బఠాణీ గింజ పట్టుకోమనండి. అప్పుడూ కప్పేస్తుంది, నడినెత్తికి వచ్చాకా కప్పేస్తుంది.

7. చంద్రగ్రహణం దొరికితే

చంద్రుడి మీద పాకే నీడ అంచు ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుందని అరిస్టాటిల్ గమనించాడు. గ్రహణాలు నీడల వల్లే అని, భూమి గోళమని క్రీ.శ. 499లో ఆర్యభట రాశాడు. పావుగంటకో ఫోటో తీసి నీడ అంచుకు వృత్తం గీస్తే, అది చంద్రుడికి సుమారు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది.

"పళ్ళెం నీడ కూడా గుండ్రమే కదా" అంటే టార్చి, పళ్ళెం తెచ్చి తిప్పి చూపించండి. ఎదురుగా ఉంటేనే గుండ్రం, పక్కకు తిప్పితే గీత. ఏ వైపు తిప్పినా గుండ్రటి నీడే పడేది బంతికి మాత్రమే. గ్రహణంలో సూర్యుడూ చంద్రుడూ ఒకేసారి క్షితిజం పైన కనిపించిన సందర్భాలు ఉన్నాయని వాళ్ళు ఎత్తిచూపుతారు. నిజమే, ఉన్నాయి. క్షితిజం దగ్గర గాలి వెలుగును వంచడంతో ఇద్దరూ ఉన్నదానికన్నా సుమారు అర డిగ్రీ పైకి కనిపిస్తారు, కొద్ది నిమిషాలు కనిపించడానికి అంత చాలు. 2026 ఆగస్టు 28న పాక్షిక చంద్రగ్రహణం, 2028 డిసెంబరు 31న సంపూర్ణం. మీ చోట కనిపిస్తుందో లేదో ముందే చూసుకోండి.

మధ్యలో వచ్చే అడ్డుప్రశ్నలు

*మేఘాల్లోంచి కిరణాలు విసనకర్రలా విచ్చుకుంటున్నాయి, అంటే సూర్యుడు దగ్గరే కదా?* రైలు పట్టాలు దూరంగా కలిసిపోయినట్టు కనిపిస్తాయి, నిజంగా కలుస్తాయా? అలాంటి సాయంత్రం వెనక్కి తిరిగి తూర్పు వైపు చూడమనండి. అదృష్టం బాగుంటే అవే కిరణాలు అక్కడ మళ్ళీ ఒకచోట కలుస్తూ కనిపిస్తాయి.

*వెలుగు వంగుతుందేమో?* వంగనివ్వండి. ఎంత వంగుతుందో లెక్క రాసివ్వమనండి. ఆ ఒక్క లెక్కే 2 నుంచి 6 దాకా అన్నిటికీ సరిపోవాలి.

ఫలితం సరిచూసుకోవడం

ప్రతి కొలతా రెండు రోజులు తీయండి. రెండో రోజు పుల్ల, టేపు అవతలివాళ్ళవే వాడండి. మీ అంకెలు పది శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే గచ్చు వాలు, పుల్ల ఒరగడం, టైము తప్పు రాయడం, ఈ మూడూ వెతకండి. తప్పు దొరికితే మీరే ముందు చెప్పండి.

పందెం మాత్రం కట్టకండి. 1870లో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అంతటి శాస్త్రవేత్త, ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ లెవల్ అనే కాలువ మీద నీటి వంపు చూపిస్తానని జాన్ హాంప్‌డెన్ అనే ఆయనతో 500 పౌండ్ల పందెం కట్టాడు. గెలిచాడు. ఓడినాయన ఏళ్ళ తరబడి తిట్టుకుంటూ ఉత్తరాలు రాశాడు, పరువునష్టం కేసులో జైలుకూ వెళ్ళాడు. చివరికి పందెం చెల్లదని కోర్టు చెప్పడంతో వాలెస్ ఆ డబ్బు వెనక్కివ్వాల్సి వచ్చింది.

2024 డిసెంబరులో బల్లపరుపు భూమి యూట్యూబర్ జెరన్ కాంపనెల్లా అంటార్కిటికా వెళ్ళి, వాళ్ళ పళ్ళెం లెక్కలో కుదరని, 24 గంటలూ అస్తమించని సూర్యుణ్ని చూసి, ఆ విషయంలో తాను పొరబడ్డానని కెమెరా ముందు ఒప్పుకున్నాడు. ఆయన వైపు వాళ్ళలోనే కొందరు అదంతా స్టూడియోలో తీసిందన్నారు. మీ ఎదుటి మనిషి ఒప్పుకునే రకమో, స్టూడియో అనే రకమో 1వ మెట్టులో రాసిన కాగితంతోనే తెలిసిపోతుంది. ఏం చూస్తే ఒప్పుకుంటావన్న చోట ఖాళీగా వదిలేస్తే, టీ తాగి వచ్చేయండి.